చందా సొమ్ము గిట్టునా?

శ్రావణమాసము వచ్చినదన్న ఉరుకుందకు పోవు బస్సులలో నిలుచుటకైనను చోటు దొరకదు. ఈరన్నస్వామి దర్శనమునకు కర్నూలు జిల్లా పడమటి మండలములనుండియు, తుంగభద్రకు ఆవలనున్న కర్ణాటక గ్రామములనుండియు జనము వచ్చును. సోమ, గురువారములలో ఈ రద్దీ మరింత హెచ్చు. ఆ నెల గడచిన తరువాత అదే బస్సులలో మిగులువారు వేరు. ఆదోనికో ఎమ్మిగనూరుకో చదువుకొనుటకు పోవు పిల్లలు, అంగళ్ళలో పనిచేయువారు, చిన్న ఉద్యోగులు. భక్తుడు కండక్టరుకు డబ్బిచ్చి టికెట్టు తీసికొనును. విద్యార్థి జేబులోనుండి పాసు తీసి చూపును. ఒకడు ప్రయాణమునకు ప్రయాణముగా వెల చెల్లించుచున్నాడు. మరియొకడు నెలకంతకు ఒక్కమారే చెల్లించినాడు. ఈ ఇద్దరిలో లెక్క తెలిసినవాడెవడని అడిగినచో, ఇద్దరికిని తెలిసినదనియే చెప్పవలెను.

ఆ లెక్క ఎట్టిదో చూతము. ఒకమారు పోవుటకు 30 రూపాయలు, నెల పాసుకు 1,200 రూపాయలు అనుకొందము. (ఇవి లెక్కకై తీసికొన్న అంకెలే కాని బస్సుల అసలు ధరలు కావు.) 1,200ను 30చేత భాగింపగా 40 వచ్చును. అనగా నెలలో 40 మార్లు, రాకపోకలు కలిపి 20 దినములు ప్రయాణము చేసినవానికి పాసు, టికెట్టు రెండును సమానము. 20 దినములు మించినచో పాసు లాభము, తగ్గినచో నష్టము. ఈ 40ని 'సరితూగు సంఖ్య' అని పిలువవచ్చును. ఏ చందానైనను పరీక్షించుటకు మొదట కనుగొనవలసినది ఈ సంఖ్యయే.

ఇంత సులభమైన లెక్కను ఏడవ తరగతి విద్యార్థి చేయగలడు. అయినను పెద్దలు దీనిలోనే పొరపడుచున్నారు. కారణమేమనగా, బస్సు ప్రయాణము తప్పనిసరి పని. కళాశాలకు ఎన్ని దినములు పోవలెనో పంచాంగము చూచి చెప్పవచ్చును. పత్రిక చదువుట, పాఠము వినుట, వ్యాయామము చేయుట అట్టివి కావు, అవి సంకల్పములు. చందా కట్టునాడు మనుష్యుడు తన సంకల్పమును లెక్కలో వేసికొనును కాని తన అలవాటును వేసికొనడు.

దీనిని అంకెలతో చూపిన పరిశోధన ఒకటి కలదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్‌మెండియర్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలో మూడు వ్యాయామశాలల హాజరు పట్టికలను తీసికొని, 7,752 మంది సభ్యుల రాకపోకలను పరిశీలించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. అక్కడ నెలకు 70 డాలర్లకు పైబడిన చందా కట్టువారు సగటున నెలకు 4.3 మార్లు మాత్రమే వచ్చిరి. అనగా వచ్చిన ప్రతిమారును వారికి 17 డాలర్లకు పైగా పడినది. అదే వ్యాయామశాలలో పదిమార్ల టికెట్టు కొన్నవానికి ఒకమారుకు పడునది 10 డాలర్లే! చౌకదారి ఎదుటనే ఉండగా వారు ఖరీదైన దారిని ఎన్నుకొనిరి. మరియొక వింత. రాక మానుకొన్న తరువాత కూడ చందా రద్దు చేసికొనుటకు వారికి సగటున రెండు నెలలకు పైగా పట్టినది. ఆ రెండు నెలల సొమ్మును అడుగుపెట్టని ఇంటికి అద్దె కట్టినట్లే కట్టిరి.

చందా కట్టినందున మనుష్యుడు ఆ వస్తువును ఎక్కువగా వాడుననియు, కాబట్టి ఖర్చే ఒక ప్రేరణమనియు కొందరు వాదింతురు. ఈ వాదములో కొంత నిజము లేకపోలేదు. 1985లో హాల్ ఆర్క్స్, కాథరీన్ బ్లూమర్ అనువారు ప్రకటించిన ప్రయోగమును చూడుడు. ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది నాటకములన్నిటికి కలిపి టికెట్టు కొనవచ్చినవారిలో కొందరికి పూర్తి వెల 15 డాలర్లకు, కొందరికి 2 డాలర్లు తగ్గించి, కొందరికి 7 డాలర్లు తగ్గించి అమ్మిరి. ఎవరికి ఏ ధర అన్నది చీటీ వేసినట్లు నిర్ణయించిరి కాని కొనువారి కోరికపై కాదు. మొదటి ఆరు నెలలలో పూర్తి వెల ఇచ్చినవారే ఎక్కువ నాటకములు చూచిరి. పెట్టిన సొమ్ము వారిని వెన్నుతట్టి పంపినది. అయితే రెండవ అర్ధభాగములో ఆ తేడా చెప్పుకొనదగినంతగా నిలువలేదు. సొమ్ము కట్టిన బాధ తల్లి మందలింపు వంటిది. కొన్నాళ్ళు పనిచేయును, తరువాత చెవికెక్కదు. చందాను సమర్థించుటకు ఈ ప్రయోగమును వాడువారు దాని మొదటి సగమును మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

ఇంతవరకు చూచినది ఎన్నిమార్లు వాడుచున్నారన్న లెక్క. దీనికంటె తక్కువగా చర్చకు వచ్చునది మరియొకటి ఉన్నది. చందా ఆగిపోయిన మరునాడు చేతిలో మిగులునది ఏమి?

తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు మొదలగువారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు పట్టణములో పుట్టినవారు. చరిత్రములు, జీవితచరిత్రములతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము వంటి విషయములపై తెలుగులో పుస్తకములు అచ్చువేయుట ఆ మండలి సంకల్పము. అట్టి పుస్తకములు కొనువారుందురన్న నమ్మకము ఏ అచ్చుకూటమునకును లేని కాలమది. ముందుగా చేరిన చందాదారుల బలము మీదనే ఆ గ్రంథమాల నడిచినది. ఈ చందా కేవలము వెల కాదు. రాబోవు పుస్తకము నుద్దేశించి పాఠకుడు పెట్టిన పెట్టుబడి.

పెట్టుబడిలో నష్టభయము కూడ ఉండును. లక్ష్మణరావుగారే తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును చేపట్టిరి. ఒక్కొక్క విషయమునకు ఆ శాస్త్రము తెలిసినవారిచేత వ్యాసము వ్రాయించి, అకారాది క్రమమున సంపుటములుగా వెలువరింప దొడగిరి. మూడు సంపుటములు వచ్చినవి. 'అ' అను అక్షరము దాటకమునుపే పని ఆగినది. 1923లో వారు మరణించిరి. ఆ పని కొనసాగింప బూనిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారును 1938లో మరణించుటతో అది పూర్తి కాలేదు. 'క్ష' వరకు చదువుదుమని ఆశించిన చందాదారునికి వ్యాపారదృష్టితో నష్టమే. అయినను అతనికి చేరిన సంపుటములు అతనివే. బీరువాలో నిలిచినవి, కొడుకులు చదివిరి, గ్రంథాలయములకు చేరినవి. నూరేండ్ల తరువాత కూడ ఆ పుటలు తిరుగవేయువారున్నారు. పత్రిక చందా కూడ ఇట్టిదే. ఏడాది నిండిన తరువాత చందా మానినను పండ్రెండు సంచికలు అటుకమీద ఉండును.

నేటి చందాలలో అధికభాగము ఇట్టివి కావు. యాప్ ద్వారా వచ్చు పాఠములు, పరిశోధన పత్రికల విద్యుత్ ప్రతులు, పాటలు, చలనచిత్రములు, ఇవన్నియు అద్దెకు తెచ్చిన సామానులు. గడువు తీరినదన్న తలుపు మూతపడును. పుస్తకమునకును వీనికిని ఒకే మాట 'చందా' వాడుట వలన ఈ భేదము కంటికి కనబడుట లేదు. బస్సు పాసు కూడ అద్దెయే కదా అని ఎవరైనను అడుగవచ్చును. నిజమే, కాని ప్రయాణము దాచుకొను వస్తువు కాదు, పాఠము దాచుకొనదగిన వస్తువు.

ఈ రెండు కొలతలను చేతబట్టుకొని ఇటీవల మన పాఠశాలలకు, కళాశాలలకు వచ్చిన రెండు ఏర్పాట్లను పరీక్షింపవచ్చును.

మొదటిది పాఠశాలలది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బైజూస్ కంపెనీతో ఒప్పందము చేసికొన్నది. ప్రైవేటుగా కొను కుటుంబములకు ఏటా వేల రూపాయలు పడు పాఠములను 4 నుండి 10 తరగతుల ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు కంపెనీ ఉచితముగా ఇచ్చుట ఆ ఒప్పందసారము. ఆ సంవత్సరము డిసెంబరులో 8వ తరగతి పిల్లలకును, ఉపాధ్యాయులకును అయిదు లక్షలకు పైబడి ట్యాబ్‌లను, ఆ పాఠములు ముందుగానే నింపి, పంచిపెట్టిరి. పాఠములకు వెల లేకపోయినను పరికరములకు ప్రభుత్వమునకైన ఖర్చు వందల కోట్లు. 2024 జూలైలో ఆ కంపెనీపై బెంగుళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ ప్రారంభింప ఉత్తరువు చేసినది.

ఇచ్చట న్యాయముగా రెండు మాటలు చెప్పవలెను. పాఠములను ట్యాబ్‌లోనే నింపి ఇచ్చుట మంచి ఆలోచన. ఇంటర్నెట్టు సరిగా అందని ఊళ్ళలో అది తప్పనిసరి కూడ. కంపెనీ ఏమైనను, నింపిన పాఠములు పరికరము పాడగువరకు పిల్లవాని చేతిలో ఉండును. 'మిగులునది ఏమి' అను పరీక్షలో ఈ ఏర్పాటు నెలనెల వాయిదాలు కట్టి యాప్ కొన్న పట్టణపు తల్లిదండ్రుల ఏర్పాటు కంటె మెరుగైనది. అయితే పాఠ్యపుస్తకము మారినపుడు లోపలి పాఠము తనంత తాను మారదు. దానిని మార్చవలసినవారు చిక్కులలో పడినచో ట్యాబ్ 'అ' దగ్గర ఆగిన విజ్ఞాన సర్వస్వమగును. విజ్ఞాన సర్వస్వము నూరేండ్లు నిలిచినది. ట్యాబ్ బ్యాటరీ అన్నాళ్ళు నిలువదు.

ఇక వాడుక మాట. కౌతాళం, కోసిగి, మంత్రాలయం ప్రాంతములలో 'సుగ్గి' అను మాట తెలియని పిల్లవాడుండడు. ఖరీఫ్ పని ముగిసిన తరువాత ఊళ్ళలో పని దొరకని కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపునకు, పత్తి ఏరుటకు తెలంగాణమునకు తరలిపోవుటను సుగ్గికి పోవుట అందురు. ఇంటిలో పెద్దలు లేనిచో పిల్లలు కూడ వారి వెంట పోవుదురు. ఇట్టి పిల్లలకై కొన్ని పాఠశాలలలో సీజనల్ హాస్టళ్ళు నడిపిరి. అందరును వానిలో నిలువలేదు. ఏడాదికి 12,000 రూపాయల చందా అనుకొందము. ఏడాది పొడుగున ఇంటిలోనుండు పిల్లవానికి నెలకు 1,000 పడినది. సుగ్గికి పోయి, సెలవులు పోను ఎనిమిది నెలలే బడికి వచ్చు పిల్లవానికి నెలకు 1,500 పడినది. ఆ ఎనిమిది నెలలలో అతడు నెలకు నాలుగు పాఠములు చూచినచో మొత్తము 32 పాఠములు. పాఠమొకటికి 375 రూపాయలు. చందా పట్టికలో ఇద్దరి ధర ఒక్కటే. నిజమైన ధర ఎవరికి హెచ్చు అన్నది బడి హాజరు పట్టికలో ఉన్నది. పేదవానికి ఎక్కువ వెల పడుట చందా పద్ధతిలోనే ఇమిడియున్న లోపము. దానిని కంపెనీ దురాశగా మాత్రమే చూచినచో రోగము ఒకటి, మందు ఒకటి అగును.

రెండవ ఏర్పాటు చాల పెద్దది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము 'ఒకే దేశము, ఒకే చందా' అను పథకమును ఆమోదించినది. ప్రపంచములోని 30 పెద్ద ప్రచురణ సంస్థలు వెలువరించు దాదాపు 13,000 పరిశోధన పత్రికలను దేశమంతటికిని ఒక్క చందాతో తెప్పించుట దీని ఉద్దేశము. 2025, 2026, 2027 మూడు సంవత్సరములకు కేటాయించినది 6,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వ విశ్వవిద్యాలయములు, కళాశాలలు, కేంద్ర పరిశోధనశాలలు కలిసి 6,300 సంస్థలు, వానిలోని సుమారు 1 కోటి 80 లక్షల విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు దీనికి అర్హులు. ఏర్పాట్లు చూచునది గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము.

పథకమునకు మూలమైన ఇబ్బంది నిజమైనది. పరిశోధన పత్రికల చందాలు ఎంత భారమైనవో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. ప్రపంచములో మిక్కిలి సంపన్నమైన హార్వర్డు విశ్వవిద్యాలయమే 2012లో తన చందాల ఖర్చు ఏటా 37 లక్షల డాలర్లు దాటినదనియు, ఇట్లు సాగదనియు తన అధ్యాపకులకు తెలియజేసినది. పూర్వము మన దేశములో ఒక ఐ.ఐ.టి. తెప్పించు పత్రికను జిల్లా కళాశాల కలలోనైనను చూడలేదు. ఒకే పత్రికకు పది సంస్థలు పదిమార్లు సొమ్ము కట్టుట కూడ జరిగినది. అందరి పక్షమున ఒకరు బేరమాడుట ఆ చిక్కులు రెంటికిని తగిన మందు.

అయినను సరితూగు సంఖ్యను కనుగొనవలెను. ఏటికి 2,000 కోట్లు. 1 కోటి 80 లక్షల మందికి పంచగా మనిషికి ఏటా సుమారు 1,111 రూపాయలు. సంస్థకు సగటున 31 లక్షల 75 వేలు. ఒక్క వ్యాసమును విడిగా కొనదలచినచో ప్రచురణకర్తలు 30, 40 డాలర్లు అడుగుట సాధారణము. దానిని 3,000 రూపాయలుగా తీసికొన్నచో, 2,000 కోట్లకు సుమారు 67 లక్షల వ్యాసములు వచ్చును. అర్హులలో ప్రతి ఎనిమిదిమందికి మువ్వురు ఏడాదికి ఒక్కొక్క వ్యాసము చదివినను సొమ్ము గిట్టినట్లే. ఈ లెక్క చూచి పథకము మహాలాభమని ప్రకటింపవచ్చును, ప్రకటించువారున్నారు కూడ.

ఇచ్చట ఆగి చూడవలెను. విడి వ్యాసమునకు 3,000 అని నిర్ణయించినవారెవరు? చందా అమ్మువారే. విడి ధరను కొండకెత్తినచో చందా లోయలో ఉన్నట్లు కనబడును. వ్యాసము వ్రాసిన శాస్త్రజ్ఞునికి ప్రచురణకర్త వెల చెల్లింపడు. దానిని పరిశీలించి తప్పొప్పులు చెప్పిన శాస్త్రజ్ఞునికిని సాధారణముగా చెల్లింపడు. సంపాదకత్వము, ముద్రణ ఏర్పాటు, భద్రపరచుట, వీనికి ఖర్చు లేదని కాదు. కాని ఆ ఖర్చునకును 3,000 రూపాయలకును సంబంధము చూపినవారు లేరు. అదే వ్యాసము విలువను 300 రూపాయలని తీసికొన్నచో సరితూగు సంఖ్య పదింతలై 6 కోట్ల 67 లక్షలగును. అనగా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థి మొదలు విశ్వవిద్యాలయపు ఆచార్యుని వరకు ప్రతియొక్కరును ఏటా మూడు నాలుగు వ్యాసములు చదువవలెను. ఒకే పథకము ఒక కొలబద్దతో లాభము, మరియొక కొలబద్దతో సందేహము. అందువలన కొలబద్ద ఎవరిదని అడుగక లెక్కను నమ్మరాదు.

వానిలో ఉచితముగా దొరకునది ఎంత అన్నది కూడ తీసివేయవలెను. భౌతిక, గణితశాస్త్రములలో పరిశోధకులు తమ వ్యాసములను 1991నుండి 'ఆర్కైవ్' అను ఉచిత భాండాగారములో ఉంచుచున్నారు. వైద్య, జీవశాస్త్రములకు 2000 సంవత్సరమున మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్ కలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2019లో ఎల్సెవియర్ అను పెద్ద ప్రచురణ సంస్థతో బేరము కుదరక చందా మానివేసి, రెండేండ్లు ఇట్టి మార్గములతోడను, ఇతర గ్రంథాలయముల ఎరువు ప్రతులతోడను నెట్టుకొనివచ్చి, 2021 మార్చిలో తనకు అనుకూలమైన షరతులతో తిరిగి ఒప్పందము చేసికొన్నది. మానగలిగినవాడే బేరమాడగలడు. దేశమంతటికిని ఒకే చందా కట్టునపుడు కొనువాని బలము పెరుగుట నిజమే కాని మానుట మరింత కష్టమగుట కూడ నిజము. మూడేండ్ల తరువాత 1 కోటి 80 లక్షల మందికి తలుపు మూయు ధైర్యము ఏ మంత్రికుండును? అది అమ్మువారికి తెలియదా?

ఈ విమర్శ పథకము వ్యర్థమని చెప్పుటకు కాదు. హైదరాబాదులోనో తిరుపతిలోనో ప్రయోగశాలలో పనిచేయు యువ పరిశోధకునికి ఒక్క వ్యాసము సకాలమున దొరకుట వలన ఆరు నెలల శ్రమ తప్పవచ్చును. దానికి 1,111 రూపాయలు ఏపాటి? అయితే సగటు అంకె ఆ పరిశోధకుని, డిగ్రీ విద్యార్థిని ఒకే త్రాసులో వేయుచున్నది. ఒకడు రోజుకు రెండు వ్యాసములు చదువును. మరియొకనికి ఆ పత్రికల పేర్లే తెలియవు. అతనికి తెలియకపోవుట అతని తప్పు కాదు. పరిశోధన వ్యాసమును ఎట్లు చదువవలెనో నేర్పు పాఠము డిగ్రీ తరగతులలో అరుదు. తలుపు తెరచుటకు 2,000 కోట్లు పెట్టి, లోపల నడచుట నేర్పుటకు ఏమియు పెట్టకపోవుట ఈ పథకపు బలహీనత.

పాఠశాలలు ఈ పథకపు గీత లోపల లేవు. ఉరుకుంద ప్రాంతపు ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు ఈ 13,000 పత్రికలలో ఒక్కదానినైనను తెరువలేడు. తెరిచినను అందులో పదవ తరగతికి పనికివచ్చునది స్వల్పమే. అతనికి కావలసినది అచ్చమైన పరిశోధన కాదు. పరిశోధనను పాఠముగా మార్చినవారి వ్రాత. ఏటి చందాలో వేయింట ఒక వంతు తీసినను 2 కోట్లగును. ఆ సొమ్ముతో ఆ వ్యాసములలో పదింటినో వందింటినో ఏటా తెలుగులో, కన్నడములో, ఇతర భాషలలో సులభముగా వివరించి వ్రాయించినచో, ఆ పుటలు ఎవరి గడువుకును లోబడక నిలిచియుండును. విజ్ఞాన చంద్రికవారు చేసినది ఇదియే కదా.

అంతవరకు ఉపాధ్యాయునికి దారి లేకపోలేదు. సి.వి. రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన భారత విజ్ఞాన అకాడమీ 1996 జనవరినుండి 'రెజొనెన్స్' అను మాసపత్రికను నడుపుచున్నది. అది డిగ్రీ విద్యార్థుల కుద్దేశించినదైనను శ్రద్ధగల ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి అందరానిది కాదు. దాని పాత సంచికలను వెల లేకుండ ఇంటర్నెట్టులో చదువుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వపు దీక్ష, స్వయం వేదికలలోని పాఠములు కూడ ఉచితమే. ఉచితమైనదంతయు మంచిదని అర్థము కాదు. దీక్షలోని కొన్ని పాఠములు పుస్తకమును బిగ్గరగా చదివినట్లుండును. కాని వెల పెట్టి కొనదలచినది ఉచితముగా దొరకుదానికంటె ఎంత మెరుగో చూచి, ఆ మెరుగుకు మాత్రమే వెల కట్టవలెను. వస్తువు మొత్తమునకు కాదు.

పాఠశాల గ్రంథాలయమునకు ఏ పత్రిక తెప్పింపవలెనన్నది తేల్చుటకు సులభమైన ప్రయోగము ఒకటి కలదు. విద్యార్థులే దానిని చేయవచ్చును. పత్రిక అట్టకు లోపలివైపు ఒక కాగితము అంటించి, చదివినవారు తేదీ మాత్రము వేయవలెను, పేరు అక్కరలేదు. పేరు వ్రాయుమన్నచో ఉపాధ్యాయుని మెప్పుకై చదువనివారు కూడ వ్రాయుదురు. మూడు నెలల తరువాత తేదీలను లెక్కించి, ఆ మూడు నెలలకు పడిన చందాను ఆ సంఖ్యచేత భాగింపవలెను. మూడు నెలలకు 60 రూపాయలు పడు పత్రికను 40 మంది తిరుగవేసినచో ఒక చదువుకు ఒకటిన్నర రూపాయ. ఇద్దరే తెరిచినచో 30 రూపాయలు. ఈ లెక్కలో ఒక పొరపాటునకు చోటున్నది. కొత్తగా వచ్చిన దేనినైనను మొదటి నెలలో అందరును తెరుతురు. నాటకశాల ప్రయోగములోవలెనే అసలు అలవాటు తరువాత కాని బయటపడదు. కావున మొదటి నెల తేదీలను విడిచి మిగిలినవానినే లెక్కింపవలెను. సుగ్గి నెలలలో చేసిన లెక్కయు, జూలైలో చేసిన లెక్కయు ఒకటి కావని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇండ్లలో ఫోను ద్వారా కట్టు చందాలకు ఇట్టి కాగితము అంటించు వీలు లేదు. వానికి మరియొక తెగులున్నది. గడువు ముగిసినంతనే అడుగకయే మరల సొమ్ము కోసికొనును. 2021 అక్టోబరునుండి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఇట్లు సొమ్ము తీయుటకు 24 గంటలు ముందుగా ఖాతాదారునికి తెలియజేయవలెను. ఆ సందేశము వచ్చినపుడు దానిని చెరిపివేయక, గడచిన నెలలో ఎన్నిమార్లు వాడినారో లెక్కించుటకు ఒక నిమిషము చాలును. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము వినియోగదారులను మోసపుచ్చు 13 రకముల ఉపాయములను పేర్కొని నిషేధించినది. వానిలో 'చందా ఉచ్చు' ఒకటి. చేరుట సులభముగను, మానుట కష్టముగను చేయుట దాని లక్షణము. వ్యాయామశాల సభ్యులు మానుకొనుటకు పట్టిన రెండు నెలలు వారి బద్ధకము వలననైనవి. ఈ ఉచ్చులో ఆ బద్ధకమునకు అమ్మువాడు తన నేర్పును కూడ తోడుచేయును.

దేశపు చందా విషయములో కూడ కాగితము అంటింపవలసిన సమయము ఇదియే. పథకపు వాడుకను అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ అప్పుడప్పుడు సమీక్షించునని 2024 నాటి ప్రకటనలోనే ఉన్నది. ఆ సమీక్షలో మొత్తము వ్యాసముల సంఖ్యను మాత్రము చెప్పినచో ప్రయోజనము లేదు. ఏ సంస్థలో ఎన్ని, ఏ శాస్త్రములో ఎన్ని, పరిశోధకులు ఎన్ని, డిగ్రీ విద్యార్థులు ఎన్ని, వానిలో ఉచితముగా మరియొకచోట దొరకునవి ఎన్ని అని విడివిడిగా ప్రకటింపవలెను. ఆదోని, ఎమ్మిగనూరు వంటిచోట్ల ఉన్న ప్రభుత్వ కళాశాలల అంకెలు రాజధానుల అంకెలలో కలిసిపోక వేరుగ కనబడవలెను. పథకపు మూడవ సంవత్సరము 2027 డిసెంబరుతో ముగియును. మరల బేరమాడుటకు కూర్చుండువారి చేతికి ఆ పట్టిక అంతకు ముందే చేరవలెను.